ముప్ఫై ఆరేళ్ళ ఎనిమిది నెలల వెలుగు

పొద్దున్నే తాతయ్య పాలిష్ గదిలోకి వెళ్ళి మొట్టమొదట చేసే పని కేలండర్లో కాగితం చింపడం. తూర్పు గోడకి అరచేయంత అంకెలున్న రోజువారీ కేలండరు, దాని కింద గుండ్రటి గడియారం. గడియారానికి కీ ఇచ్చి, కేలండరు మీద దుమ్ము తుడిచి, గది నడుమ నిలబడితే రెండూ స్పష్టంగా కనబడుతున్నాయో లేదో చూసుకుంటాడు.

"మనకోసం కాదు, తర్వాత చూసేవాళ్ళ కోసం," అంటాడు ఎవరైనా అడిగితే. అడిగేవాళ్ళు తక్కువ. ఆ వీధిలో ఎవరికీ అది కొత్త కాదు.

ఆ తర్వాత బయటి గదిలోకి వచ్చి చొక్కా చేతులు మోచేతుల దాకా మడుస్తాడు. బయటి గదిలో ముతక రాపిడి: మందపాటి గాజు పలక మీద నల్లటి రాపిడి పొడి వేసి, నీళ్ళు చల్లి, గర గర గర అని గుంట పడేదాకా అరగదీయడం. లోపలి గదిలో పాలిష్: తారు పోసిన పలక మీద ఎర్రటి పొడి తడిపి, దాని మీద గాజుని బోర్లించి, మెత్తగా తోయడం. రెండు గదుల మధ్య గుమ్మం పక్కన కుళాయి. కుళాయి పైన గోడ మీద తాతయ్య తన చేత్తో రాసిన ఒకే ఒక్క మాట: 'మూడుసార్లు.' చేతులు మూడుసార్లు కడుక్కోకుండా ఎవరూ లోపలికి అడుగుపెట్టకూడదు. బయటి గది నుంచి ఒక్క ముతక గింజ తారు మీద పడిందా, ఆరునెలల పని మీద గీత పడుతుంది.

ఇసుక నింపిన ఇనప డ్రమ్ము మీద గాజు ఉంటుంది. మనిషి దాని చుట్టూ నడవాలి. తోయడం, లాగడం, పక్కకి ఒక అడుగు. తోయడం, లాగడం, పక్కకి ఒక అడుగు. ఏ ఒక్క వైపూ ఎక్కువ అరగకూడదు కాబట్టి అలా తిరుగుతూనే ఉండాలి. తాతయ్య మనవరాలికి అంకెలంటే పిచ్చి. చిన్నప్పుడే వీధి వీధంతా ఆమెకి లెక్కల పిల్ల అని పేరు పెట్టేసింది. ఇప్పుడు ఇరవై మూడేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు. ఒకరోజు ఆమె కాగితం తీసుకుని చుట్టుకి మూడు మీటర్లు, గంటకి నలభై చుట్లు, రోజుకి అయిదు గంటలు, ఏడాదికి మూడొందల రోజులు వేసి చూసింది. యాభై అయిదేళ్ళకి దాదాపు పదివేల కిలోమీటర్లు తేలింది.

"తాతయ్యా, ఈ డ్రమ్ము చుట్టూ తిరుగుతూనే పావు భూమి చుట్టేశావు తెలుసా?"

"అందుకేనే మోకాళ్ళు నొప్పులు," అన్నాడు తాతయ్య.

అలా చేసిన అద్దాలే ఇత్తడి గొట్టాల్లో కూర్చుని టెలిస్కోపులయ్యేవి. తాతయ్య చేసినవి నూట పన్నెండు. వాటికి ఫ్యాక్టరీ టెలిస్కోపులకి లేని గుణం ఒకటుంది. కంటితో చూసే చోట కటకం తీసేసి చిన్న సీసా కడితే, చుక్క వెలుగు బొట్లు బొట్లుగా అందులోకి దిగుతుంది. నూనె కంటే పల్చగా, నీళ్ళ కంటే చిక్కగా ఉంటుంది. గంట పట్టిన వెలుగు గంట వెలుగుతుంది. దాన్ని చీకటి గదిలో పళ్ళెంలో పోస్తే, ఆ వెలుగు చుక్కని వదిలి బయల్దేరిన గంటలో ఆ గది ఎలా ఉందో అలా కనబడుతుంది. మనుషులతో సహా. చప్పుడు మాత్రం ఉండదు.

ఏ చుక్కకి ఎన్నేళ్ళో వీధిలో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. మృగవ్యాధుడిది ఎనిమిదిన్నరేళ్ళ వెలుగు. అభిజిత్తుది పాతికేళ్ళది. ఇంటి కాగితాలు ఎక్కడ పెట్టారో మర్చిపోయినవాళ్ళు, గోడలో తీగ ఎటు వెళ్ళిందో తెలియని మేస్త్రీలు సీసా పట్టుకుని వచ్చేవారు. నానమ్మ అయితే గరిటె కనబడకపోయినా మృగవ్యాధుణ్ణి అడగాల్సిందే.

"ఎనిమిదిన్నరేళ్ళ కిందట గరిటె ఎక్కడుందో చూసి ఏం చేస్తావే నానమ్మా? పోయింది నిన్న కదా."

"అప్పుడు పెట్టిన చోటే ఇప్పుడూ పెట్టుంటాను. నేను మీ తాతలా రోజుకో మాట మార్చే మనిషిని కాదు."

గరిటె అక్కడే దొరికేది.

ఆ ఏడు ఎండాకాలానికి తాతయ్యకి డెబ్భై ఏడు. చేతులు వణకడం మొదలై రెండేళ్ళయింది. డ్రమ్ము మీద నూట పదమూడో అద్దం ఉంది. పదిహేనంగుళాలది, కొండమీద బడి వాళ్ళు చుక్కలు చూసే తమ గుమ్మటం కోసం అడిగినది. అన్ని అద్దాల్లోకీ పెద్దది. తాతయ్య, లెక్కల పిల్ల కలిసి పద్నాలుగు నెలలు తోశారు. అంతా కుదిరింది గాని, అంచు వాలిపోయింది.

వాలడమంటే కంటికి కనబడేదేం కాదు. వెంట్రుక మందంలో అయిదొందలో వంతు. అంత చాలు, చుక్క చుక్కలా కాక పలచటి పొగలా కనబడ్డానికి. దాన్ని సరిచెయ్యాలంటే చెయ్యి అంచు దగ్గరికి వచ్చేసరికి బరువు తనంతట తాను తగ్గిపోవాలి. తాతయ్య చేతికి వణుకు. లెక్కల పిల్ల చేతికి ఆ తేలిక లేదు. ఆమె తోసిన ప్రతి రోజూ అంచు ఇంకాస్త వాలింది. ఎంత వాలిందో మాత్రం పొల్లుపోకుండా చెప్పగలిగేది.

"నెలాఖరు దాకా చూద్దాం," అన్నాడు తాతయ్య, గాజు మీద తడిగుడ్డ కప్పుతూ. "కాకపోతే ఫ్యాక్టరీది కొనుక్కోమని బడికి ఉత్తరం రాసేస్తాను. దీన్ని పగలగొడతాను. అంచు వాలిన అద్దం మన గుమ్మం దాటదు. ఆ తర్వాత ఈ గదికి తాళమే."

"మరి నేను?"

"నీకేం తక్కువ? ఏ బ్యాంకువాళ్ళైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారు."

 అద్దాలు చెయ్యడం తప్ప ఇంకేమైనా చెయ్యాలని లెక్కల పిల్లకి ఎప్పుడూ అనిపించలేదు. నెలాఖరుకి ఇంక ఇరవై ఆరు రోజులే ఉన్నాయి.

ఆ తేలిక చెయ్యి ఉన్న మనిషి ఒకరున్నారు. లెక్కల పిల్ల మేనత్త, తాతయ్య కూతురు. రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణం. పదిహేడేళ్ళప్పుడు ఇలాంటిదే పదిహేనంగుళాల అద్దం తోసింది. అది ఇంకో వారంలో పూర్తవుతుందనగా గీత పడింది. చేతులు సరిగ్గా కడుక్కోలేదని తాతయ్య అన్నాడు. అత్త కాదనలేదు. ఆ రోజు బయటికొచ్చిన మనిషి మళ్ళీ గాజు ముట్టుకోలేదు. మాటలు మానలేదు, రాకపోకలు మానలేదు. వారానికి రెండుసార్లు వచ్చి వంటింట్లో నానమ్మతో కబుర్లాడి టీ తాగి వెళ్తుంది. పాలిష్ గది గుమ్మం మాత్రం తొక్కదు. ఇంట్లో అందరూ దానికి అలవాటుపడిపోయారు.

లెక్కల పిల్ల దుకాణానికి వెళ్ళింది. అత్త ఎవరిదో కళ్ళజోడుకి చిన్న మర బిగిస్తోంది. ఆమె చేతులు ఎప్పుడూ పొడిబారి, వేళ్ళ కణుపుల దగ్గర పగిలి ఉంటాయి. పూటకి ఎన్నిసార్లు కడుగుతుందో లెక్కేలేదు.

"అత్తా, ఒక్క వారం రా. నేర్పించు చాలు. తోసేది నేనే."

"మీ తాత పంపించాడా?"

"తాతయ్య ఎందుకు పంపిస్తాడు? నేనే వచ్చాను."

"అదే అనుకున్నా. ఆయన పంపిస్తే వాన పడేది." అత్త మర బిగించి, కళ్ళజోడు ఎత్తి వెలుగుకి చూసింది. "నా చేతి మీద నాకే నమ్మకం లేదే. రెండుసార్లు కడిగి మూడు అనుకున్నానో ఏమో. ఎవరికి తెలుసు? మళ్ళీ గీత పడితే ఈసారి మీ తాత తట్టుకోలేడు. నేనసలే తట్టుకోలేను."

లెక్కల పిల్ల ఉత్త చేతులతో తిరిగొచ్చింది గాని ఊరుకునే రకం కాదు. అటక మీది పాత పని పుస్తకాలు దింపింది. తాతయ్య ఏ రోజు ఏ అద్దం ఎన్ని చుట్లు తోశారో, ఎవరు తోశారో రాసిపెట్టేవాడు. అత్త పేరున్న పేజీలు చూసింది. చివరి వారం తేదీలు చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

స్వాతి. స్వాతిది ముప్ఫై ఆరేళ్ళ ఎనిమిది నెలల వెలుగు. ఎండాకాలంలో చీకటి పడేసరికి నడినెత్తికి ఎక్కుతుంది. అత్త చివరిగా అద్దం తోసిన సాయంత్రం వెలుగు మరో నాలుగు రోజుల్లో ఈ డాబా మీదికి చేరుతుంది.

నేర్పడానికి యాభై నాలుగేళ్ళ అత్త రాకపోతే పోనీ. పదిహేడేళ్ళ అత్త ఉంది కదా.

ఇంతకుముందు ఎవరికీ ఈ ఊహ రాలేదా అంటే, రాలేదు. శ్రవణం పదిహేడేళ్ళు నిండకుండానే ఆ రోజుని తెచ్చింది, అభిజిత్తు పాతికేళ్ళకి తెచ్చింది. రెండుసార్లూ ఎవరూ సీసా కట్టలేదు. పోయినదాన్ని వెతుక్కుంటారు గాని, తెలిసినదాన్ని ఎవరు వెతుక్కుంటారు? ఏం జరిగిందో తాతయ్యకి తెలుసు. అత్తకీ తెలుసు.

మూడో రోజు ఒక సీసా, నాలుగో రోజు ఒక సీసా పట్టింది. చీకటి పడ్డాక ఒక్కో గంట, గంటకి పన్నెండు బొట్లు. పండిన నారింజ రంగు. మూతలు బిగించి నల్లగుడ్డ చుట్టి, మొదటి సీసా మీద ఒకటి, రెండోదాని మీద రెండు అని రాసింది. మర్నాడు మధ్యాహ్నం పాలిష్ గది కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, రెండో సీసా పళ్ళెంలో వంచబోతుంటే తాతయ్య వచ్చాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"అత్త చెయ్యి."

 తాతయ్య ఎత్తుపీట లాక్కుని కూర్చున్నాడు. "పొయ్యి. నేనూ చూస్తాను. దాని చెయ్యి చూసి చాలా ఏళ్ళయింది."

వెలుగు పళ్ళెంలో పడగానే గది నారింజ రంగులో నిండింది. ముందు గోడ మీద కేలండరు కనబడింది, పాత నెల, పాత తేదీ. దాని కింద అదే గడియారం ఏడున్నర చూపిస్తోంది. ఆ తర్వాత డ్రమ్ము, దాని చుట్టూ నడుస్తూ ఒక అమ్మాయి. తలకి గుడ్డ చుట్టుకుంది. నుదుటి మీద ఎర్రపొడి మరక. పెదాలు కదులుతున్నాయి, ఏదో పాడుకుంటోంది.

 ఆ అమ్మాయి నడుస్తున్నట్టు లేదు. గాజే తిరుగుతూ ఆమెని తనతో తీసుకుపోతున్నట్టుంది. చేతులు తోస్తున్నాయో, గాజు మీద ఊరికే ఆనాయో తెలియడంలేదు. లెక్కల పిల్ల వంగి దగ్గర్నుంచి చూసింది. చుట్టుకి పద్నాలుగు తోపులు. అంచు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అత్త భుజాలు దిగుతున్నాయి. ఊపిరి వదులుతోంది. బలం పెట్టి తోసేది కాదు, ఊపిరితో తేలిక చేసేది.

"ఊపిరి, తాతయ్యా. అంచు దగ్గర ఊపిరి వదులుతోంది."

"అది పాడుతోందనుకునేవాణ్ణి," అన్నాడు తాతయ్య మెల్లగా.

ఎనిమిదింబావు దాటాక అమ్మాయి ఆగింది. గాజుని ఎత్తి పక్కన గుడ్డ మీద పెట్టింది. తడి తారు పలక తెరిచి ఉంది. కుళాయి దగ్గరికి వెళ్ళింది. అంకెల మనిషికి అలవాటు పోదు కదా, లెక్కల పిల్ల లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. అమ్మాయి చేతులు ఎత్తి చూసుకుని, ఎందుకో మళ్ళీ కుళాయి కింద పెట్టింది.

నాలుగు.

అంతలో బయటి గదిలోంచి నలభై ఏళ్ళ మనిషి గుమ్మంలోకి వచ్చాడు. నల్లటి జుట్టు, వణుకు లేని చేతులు. ఆయనా కుళాయి దగ్గర కూతురి పక్కనే నిలబడి మూడుసార్లు కడుక్కున్నాడు. డ్రమ్ము దగ్గరికి వచ్చి తారు పలక మీదికి వంగి, గట్టిపడిందేమోనని బొటనవేలితో నొక్కి చూశాడు. వంగినప్పుడు ఎడమ చొక్కా చేతి మడత ఒకటి జారింది. మడతలోంచి ఒక గింజ రాలింది.

ఎంత గింజ! ఆవగింజలో పదో వంతు ఉండదు. కానీ ఆ వెలుగులో అది చుక్కలా మెరిసి, చుక్కలా రాలి, ఎర్రటి తడిలో మునిగిపోయింది. ఆ మనిషి చూడలేదు. మడత సరిచేసుకుని పక్కకి జరిగాడు.

అమ్మాయి వచ్చి గాజు బోర్లించింది. ఒక తోపు, రెండు, మూడు. నాలుగో తోపుకి ఇద్దరి తలలూ ఒక్కసారే లేచాయి. నలభై ఏళ్ళ మనిషి నోరు తెరిచి ఏదో అన్నాడు. పాత వెలుగుకి చప్పుడుండదు. కానీ లెక్కల పిల్ల పక్కనుంచి, ఎత్తుపీట మీంచి, తాతయ్య గొంతు ఆ పెదాలతో పాటే పలికింది:

"చేతులు కడుక్కున్నావా?"

 అమ్మాయి తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. వెలుగు అయిపోయేదాకా అలా చూసుకుంటూనే ఉంది.

కిటికీలు తెరిచాక తాతయ్య తన ఎడమ చొక్కా చేతిని చూసుకున్నాడు. పొద్దున బయటి గదిలో మడిచిన మడత అలాగే ఉంది. ఆయన యాభై అయిదేళ్ళుగా అలాగే మడుస్తున్నాడు. గోడ మీద రాసిన మాట చేతుల గురించే గాని చొక్కా గురించి కాదు.

చెప్పులు వేసుకుని బయల్దేరాడు. లెక్కల పిల్ల వెనకాలే నడిచింది. నాలుగొందల ఇరవై అడుగులు. ఇన్నేళ్ళలో తాతయ్య ఆ దుకాణానికి రావడం అదే మొదలు.

అత్త తలెత్తి చూసింది. "ఏంటి నాన్నా, కళ్ళు చూపించుకోడానికా? ఇన్నాళ్ళకి వయసు గుర్తొచ్చిందా?"

"నాలుగుసార్లు కడిగావు," అన్నాడు తాతయ్య.

"ఏంటి?"

"ఆ రోజు. మూడు కాదు, నాలుగు. ఇది లెక్కపెట్టింది. నేనూ చూశాను." ఎడమచేయి ముందుకి చాపాడు. "గింజ నీ చేతిది కాదు. నా చొక్కాది. ఎడమచేతి మడతలోది."

అత్త చేతిలో ఎవరిదో కళ్ళజోడు ఉంది. బల్ల మీద పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. గోడ మీది కళ్ళజోళ్ళన్నీ ఆమెనే చూస్తున్నట్టున్నాయి.

"అత్తా, నీకు చూపించడానికి ఆ గంట మిగల్లేదు," అంది లెక్కల పిల్ల. తను చేసిన తప్పు అప్పుడే తెలిసొచ్చి ఆమె మొహం చిన్నబోయింది. "అంతా పోసేశాను. ముందురోజుది ఒక్కటే ఉంది."

"నేను చూడక్కర్లేదు." అత్త కళ్ళజోడు పక్కకి జరిపింది. "నాన్న చూశాడు కదా."

కూర్చున్న చోటునుంచి లేచి, అలవాటుగా కుళాయి వైపు రెండడుగులు వేసింది. మధ్యలో ఆగింది. పగిలిన చేతుల్ని ఒకసారి చూసుకుని, వాటిని అలాగే కొంగుకి తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"అంచు ఎంత వాలిందే?"

"వెంట్రుకలో అయిదొందలో వంతు. అంచు నుంచి లోపలికి రెండు మిల్లీమీటర్ల మేర."

"అంతేనా? దానికా ఇంత గోల?" అంది అత్త, దుకాణం తాళంచెవి వెతుక్కుంటూ.

ఇంటికొచ్చేసరికి నానమ్మ గుమ్మంలోనే ఉంది. కూతురు వంటింటివైపు కాక అద్దాల గదులవైపు తిరగడం చూసింది. "టీ అక్కడికే తెస్తాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

అత్త ముందు కుళాయి ముట్టుకోలేదు.  తాతయ్య దగ్గరికి వెళ్ళి, ఆయన ఎడమచేయి పట్టుకుని చొక్కా మడతలు ఒక్కొక్కటే విప్పింది. ఆయన్ని చేయి పట్టుకునే వీధి గుమ్మం దాకా తీసుకెళ్ళి, బయటికి చాపించి, దులిపింది. కుడిచేయీ అంతే. ఆయన బడికి తయారవుతున్న పిల్లాడిలా నిలబడ్డాడు. ఆ తర్వాతే అత్త కుళాయి దగ్గర చేతులు కడిగింది, మూడుసార్లే.

గాజు మీద తడిగుడ్డ తీశారు. అత్త చేతులు ఆనించింది. తోసింది, లాగింది, ఆగిపోయింది. అడుగు తప్పింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది.

"మర్చిపోయింది నా చెయ్యి," అంది.

లెక్కల పిల్ల కిటికీలు మూసింది. మొదటి సీసా మూత తీసి పళ్ళెంలో వంచింది.

నారింజ వెలుగులో, గీత పడడానికి ముందురోజు సాయంత్రం, పదిహేడేళ్ళ అమ్మాయి డ్రమ్ముకి అవతలి వైపు నిలబడి ఉంది. పెదాలు కదుపుకుంటూ, నుదుటి మీద మరకతో, రేపటి గురించి ఏమీ తెలియకుండా. తోసింది, లాగింది, పక్కకి అడుగేసింది. అత్త ఆమె కేసి చూస్తూ ఇవతలి వైపు నుంచి కదిలింది. ఒక చుట్టు ఆమె వెనక, ఒక చుట్టు ఆమె పక్కన. మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో ఆ అమ్మాయి నిలబడ్డ చోట్లోకే అడుగుపెట్టింది. ఆ తర్వాత గాజు మీద రెండు జతల చేతులు లేవు. అంచు దగ్గర ఇద్దరి భుజాలూ ఒకటై దిగుతున్నాయి. పాట కూడా తిరిగొచ్చింది, ఈసారి వినిపించేలా.

తాతయ్య ఎత్తుపీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నానమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తోపులు లెక్కపెడుతున్న మనవరాలు ఎక్కడో లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఎనిమిదిన్నర దాకా సాగిన ఆ పాత సాయంత్రం పళ్ళెంలో కొంచెం కొంచెంగా ఇంకిపోయింది. ముందు కేలండరు మసకబారింది, తర్వాత గడియారం, తర్వాత అమ్మాయి తలకి చుట్టిన గుడ్డ. చివరికి గది మొత్తం చీకటైంది.

పాత వెలుగుకి చప్పుడుండదు. చీకట్లో తారు మీద గాజు కదిలే మెత్తటి చప్పుడు, అంచు దగ్గర వదిలే ఊపిరి, ఆగకుండా డ్రమ్ము చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.